ఎవరి మూర వాళ్లది

అన్వేష్ గోడకున్న కొక్కెం మీది నుంచి సైకిల్‌ను దింపి, రెండు వేళ్లతో గాల్లోకి ఎత్తి చూపించాడు.

"చూసినవా రోజా? ఏడున్నర కిలోలు. మా అమ్మ పెంచే పిల్లి గూడ ఇంతకంటే ఎక్కువనే ఉంటది."

రోజారాణి నవ్వింది. షామీర్‌పేటలో పటేల్ ఇంటి వాకిట్లో నిలబడి ఆ ఇంటివాళ్లు వేసిన జోకుకు నవ్వకుండా ఉండడం ఆమె వంశంలో ఎవరికీ అలవాటు లేదు. కానీ ఆమె కళ్లు మాత్రం సైకిల్ మీదే ఉన్నాయి. నల్లటి నలుపు. కొత్తగా పట్టిన కాటుకలాగా నిగనిగలాడుతోంది. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, వేలంత సన్నని టైర్లు. సీటు కింద గొట్టం మీద చిన్న అంకె ఒకటి అంటించి ఉంది, యాభై ఆరు అని.

"రెండు లక్షల డెబ్బై వేలు పెట్టి కొన్న. మా మేడం ఎంత తొక్కిందనుకుంటున్నవ్? సక్కగ మేడ్చల్ దాకా గూడ పోలే. మెడ నొప్పన్నది, చేతులు తిమ్మిర్లన్నది. ఇగ నేను అప్పుడే అన్న, ఇది నీతోని అయ్యేటట్టు లేదు అని."

అశ్రిత గడప దగ్గర నిలబడి ఉంది. భర్త మాట వింటుంటే ఆమె ఎడమ చెయ్యి తనంతట తనే మెడ వెనక్కి పోయింది, అక్కడ కాసేపు రుద్దుకుంది.

"నువ్వు తీస్కుంటే నాకు మంచిగనిపిస్తది రోజా," అంది తర్వాత. "గోడ మీద దాన్ని చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటది. నలభై వేలియ్యి చాలు. ఆదివారం దాకా నీ దగ్గర్నే ఉంచుకొని తొక్కి చూడు."

రోజారాణి మనసులో లెక్క వేసుకుంది. ఆమె దగ్గర ఉన్నది సరిగ్గా నలభై రెండు వేలు. బహదూర్‌పల్లి అపార్ట్‌మెంట్లలో పిల్లలకు ఈత నేర్పి, రెండేళ్లుగా కూడబెట్టిన డబ్బు. అది ఒక్కసారే ఖర్చు పెట్టగలదు, ఒక్క సైకిల్ మీదే. కిందటేడు ట్రయాథ్లాన్‌లో కిలోమీటరున్నర ఈది, ఆడవాళ్లలో రెండో మనిషిగా నీళ్లలోంచి బయటికొచ్చింది. తర్వాత నలభై కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి. అడిగి తెచ్చుకున్న డొక్కు గేర్ సైకిల్ మీద ఒక్కొక్కళ్లే ఆమెను దాటిపోయారు. గడువు ముగిసిందని నిర్వాహకులు దారిలోనే ఆపి, సైకిల్‌ను వ్యాన్‌లో పడేసి, ఆమెను డ్రైవర్ పక్కన కూర్చోబెట్టారు. పది కిలోమీటర్ల పరుగు మొదలే కాలేదు. ఆ వ్యాన్‌లో వాడిచ్చిన అరటిపండు ఇప్పటికీ ఆమె గొంతులో అడ్డంపడి ఉంది. ఈసారి పోటీకి ఇంకా ఐదు వారాలుంది.

"మస్తు థ్యాంక్స్ మేడం," అంది, అంతకు మించి ఏమనాలో తెలియక.

ఇంటికి తెచ్చేసరికి తల్లి శివమ్మ నిమ్మకాయతో సిద్ధంగా ఉంది. వార్త సైకిల్ కంటే ముందే చేరింది మరి. హ్యాండిల్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, సైకిల్ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"పటేలోళ్ల వస్తువంటే మజాకా? సూడే, ఎట్ల మెరుస్తాందో!"

"కొంచెం పెద్దగున్నదే అమ్మా." రోజారాణి సీటును కిందికంటా దించింది. అయినా ఎక్కి కూర్చుంటే కాలి మునివేళ్లే నేలకు తగులుతున్నాయి. హ్యాండిల్ ఎక్కడో పక్కింటి వాళ్లదిలాగా దూరంగా ఉంది.

"పెద్దగుంటే ఏమైతదే? పెద్దదే నయం. నీకు ఏనాడన్న సైజు సూసి బూట్లు కొన్ననా? ఏడో తరగతిల కొన్నయి పదో తరగతి దాక నడిపిచ్చినవ్, బట్టపేలికలు కుక్కి."

నిజమే. ఆ ఇంట్లో లంగా అయినా, స్కూల్ బ్యాగ్ అయినా, చివరికి వర్షపు కోటు అయినా ఎదిగే పిల్ల అన్న లెక్క మీదే కొన్నారు. రోజారాణికి ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. ఇంకా ఎదగడానికేముంది? కానీ అలవాటు అలవాటే. కొంచెం పెద్దదంటే కొంచెం లాభమని ఆమె బుర్ర కూడా నమ్మేసింది. తొక్కగా తొక్కగా ఒళ్లే సర్దుకుంటుందిలే అనుకుంది.

శుక్రవారం తెల్లవారగానే మేడ్చల్ వైపు బయలుదేరింది. మొదటి రెండు కిలోమీటర్లు ఆమెకు నవ్వాగలేదు. తొక్కితే చాలు దూసుకుపోతోంది. చెరువు గాలి చల్లగా చెంపలకు తగులుతోంది. కోళ్లఫారాలు, వెంచర్ల బోర్డులు, ఇంకా రంగు వేయని కాంపౌండ్ గోడలు వెనక్కి పరుగెత్తుతున్నాయి. ఐదో కిలోమీటరుకు భుజాల మధ్య సలుపు మొదలైంది. ఎనిమిదో కిలోమీటరుకు చిటికెన వేలు, ఉంగరపు వేలు ఉన్నాయో లేవో తెలియకుండా పోయాయి. సీటు ముందు అంచుకు జరిగి కూర్చుంటే చేతులకు కొంచెం నయం, కానీ తొడలు ఒరుసుకుంటున్నాయి. వెనక్కి జరిగితే మెడ లాగుతోంది.

నీకే చేతకావడం లేదు, అనుకుంది. ఇంత మంచి సైకిల్ ఇస్తే కూడా!

మేడ్చల్ ఇంకో మూడు కిలోమీటర్లుందనగా, పక్క సందులోంచి కంకర టిప్పర్ ఒకటి చెప్పాపెట్టకుండా మూతి బయటపెట్టింది. రోజారాణి వేళ్లు బ్రేకు కోసం చాచింది. బ్రేకు అందలేదు. వేలి కొనలు దాని మీద జారాయి. ఇంకోసారి మొత్తం ఒంటిని ముందుకు విసిరి, పొట్ట గొట్టానికి తగిలేటట్టు వంగి, గట్టిగా నొక్కింది. టిప్పర్ చక్రానికి రెండు జానల దూరంలో ఆగింది.

"సావనీకి నా బండే దొరికిందా?" అని డ్రైవర్ కిటికీలోంచి అరిచాడు.

రోడ్డు పక్కన కూర్చుని కాసేపు ఊపిరి పీల్చుకుంది. తిరుగు దారంతా నెమ్మదిగా, ముసలమ్మలాగా తొక్కుకుంటూ వచ్చింది.

ఆ పొద్దు తొమ్మిది గంటల ఈత బ్యాచ్‌లో, నీళ్లలో బెదిరిన పిల్లకు ఊతంగా పొడవాటి కర్ర చాపితే అది రోజారాణి చేతిలోంచి జారి నీళ్లలో పడింది. ఎప్పుడూ అట్లా కాలేదు. పిల్లలు కిలకిలా నవ్వారు. ఆమె కూడా నవ్వి, కర్ర తీసుకుని, ఎవరూ చూడకుండా వేళ్లను ఒక్కొక్కటే మడిచి, చాచి చూసుకుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి తండ్రి యాదయ్య రేకుల కింద కూర్చుని విసురు వల అల్లుతున్నాడు. వల కొస కాలి బొటనవేలికి తగిలించి ఉంది. దారం చుట్టిన వెదురు పుల్ల వల కన్నుల్లోంచి దూరి వస్తోంది, ముడి పడుతోంది, మళ్లీ దూరుతోంది. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో సీసపు గుండ్లు. ఆయన కూతురి చేతుల వైపు చూశాడు. ఆమె అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు నాయినా. తిమ్మిర్లు. అలవాటైతే పోతయి."

యాదయ్య ముడి పూర్తి చేసి, వలను కాలి వేలి నుంచి తప్పించి లేచాడు. తుండుతో చేతులు తుడుచుకున్నాడు. గోడకానించిన సైకిల్ దగ్గరికి పోయి, దాన్ని కొత్త పశువును చూసినట్టు ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూశాడు.

"ఇటు రా. నీ మోచెయ్యి గీ సీటు ముక్కుకు ఆనియ్యి. ఇగ చెయ్యి సాపు. హ్యాండిల్ దిక్కు."

రోజారాణి చాపింది. ఆమె నడిమి వేలు గాల్లోనే ఆగిపోయింది. యాదయ్య ఆ ఖాళీలో తన నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టాడు. ఇంకా సందు మిగిలింది.

"గిది నీ మూర కాదు బిడ్డా."

"సైకిల్‌కు మూరేంది నాయినా?"

"దేనికైనా మూరనే. వల ఎట్ల అల్లుతం? ఇసిరేటోని మూరతోని కొలిసి అల్లుతం. మా అన్న నాకంటె జానెడు పొడుగు. సిన్నగున్నప్పుడు ఆయన వల నేను ఇసిరితే ఏమైందనుకున్నవ్? వల పోయింది, దాని ఎంబడి నేను గూడ పోయిన. కట్ట మీదున్నోళ్లంత ఒక్కతీర్గ నవ్విన్రు." ఆయన కూడా చిన్నగా నవ్వాడు. "అండ్ల నా తప్పేం లేదు. వల తప్పు గూడ లేదు."

వంటింట్లోంచి శివమ్మ గరిటతో సహా బయటికొచ్చింది.

"మూర లేదు, బెత్తె లేదు! పిల్లకు లేనిపోనియి సెప్పకు. రెండు లచ్చల సైకిల్ నలభైకిస్తాన్రు. వద్దని ఏ మొఖం వెట్టుకోని జెప్తది? మూర సాల్తలేదు పటేలమ్మా అంటదా? రేపు మడిగెల ముందటికెళ్లి మన చేపల బండి తియ్యుమంటే ఏడ వెట్టుకుంటవ్, నీ నెత్తి మీదనా?"

మడిగెలంటే దుకాణాల గదులు, అవి పటేల్‌వే. వాటి ముందు పన్నెండేళ్లుగా వాళ్ల బండి ఉంటోంది, ఎవరూ ఏమీ అడగకుండా.

"గది నాకు దెల్వది," అన్నాడు యాదయ్య నెమ్మదిగా. "మూర సంగతి జెప్పిన, గంతే." మళ్లీ కూర్చుని వలను కాలి వేలికి తగిలించుకున్నాడు.

శనివారం పొద్దటి క్లాసు కాగానే రోజారాణి యాప్రాల్ బస్సెక్కింది. అక్కడ ఒక సైకిల్ షాపుందని పోటీలో పరిచయమైన వాళ్లు చెప్పారు. ఆ హ్యాండిల్‌ను ఏదో విధంగా దగ్గరికి చేయిస్తే, అటు పటేల్ ఇల్లు, ఇటు తన చేతులు రెండూ దక్కుతాయన్నది ఆమె ఆశ. ఇద్దరినీ మెప్పించే దారి ఎప్పుడూ ఒకటుంటుందని నమ్మే మనిషి ఆమె.

షాపాయన పేరు ఫణిభూషణ్. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, చైన్ నూనెతో నల్లబడ్డ వేళ్లతో టీ తాగుతున్నాడు.

"పాపకా అమ్మా, బాబుకా?"

"నాకే."

"ఓహో. అయితే అటు చూడండి, ముందు బుట్టవి. కూరగాయలు గూడ పెట్టుకోవచ్చు."

"కూరగాయలకు కాదు సార్, ట్రయాథ్లాన్‌కు," అంది రోజారాణి. ఆ మాట అనేటప్పుడు గొంతు కొంచెం గట్టిగానే లేచింది. ఆయన కళ్లద్దాలు కిందికి దిగాయి.

విషయమంతా చెప్పింది. యాభై ఆరు అన్న అంకె చెప్పింది. తన ఎత్తు ఐదడుగుల ఒక అంగుళమని చెప్పింది. ఫణిభూషణ్ టీ గ్లాసు కింద పెట్టి నుదురు కొట్టుకున్నాడు.

"యాభై ఆరంటే ఆరడుగుల మనిషిదమ్మా! హ్యాండిల్ పట్టుకునే కడ్డీ పొట్టిది వేస్తా, పైసలిస్తే ఎందుకు వెయ్యను? కానీ అన్న షర్టు తొడుక్కొని చేతులు మడుచుకున్నట్టు ఉంటది. చేతులైతే మడుస్తవ్. భుజాలేం చేస్తవ్?"

ఆయన లోపలికి పోయి ఒక సైకిల్ నడిపించుకొచ్చాడు. దాని రంగు చూసి రోజారాణికి ముందు నవ్వొచ్చింది. చిలకపచ్చ. అదీ మామూలు చిలక కాదు, పండగ పూట స్నానం చేసిన చిలక.

"నలభై ఎనిమిది సైజు. అల్యూమినియం. పదిన్నర కిలోలుంటది, అబద్ధం చెప్పను. రెండేళ్లాయె వచ్చి. అందరూ రంగు చూసి పారిపోయిన్రు. ముప్పై తొమ్మిదికి ఇస్తా, బాటిల్ స్టాండు నా తరఫున. ఎక్కి చూడు."

ఆమె ఎక్కలేదు. ముందు మోచెయ్యి సీటు ముక్కుకు ఆనించి చెయ్యి చాచింది. నడిమి వేలు పోయి హ్యాండిల్‌ను ముద్దు పెట్టుకున్నట్టు తాకి ఆగింది.

ఫణిభూషణ్ ఆమెను కొత్తగా చూశాడు. "ఈ కొలత పాత మెకానిక్‌లకే తెలుసు. నీకెవరు నేర్పిన్రు?"

"మా నాయిన. చేపలు పడ్తడు."

మిలటరీ గోడ పక్కన నిమ్మళంగా ఉన్న రోడ్డు మీద ఒక రౌండు తొక్కింది. బ్రేకు కోసం వెతకాల్సిన పని లేదు, వేళ్లు ఎక్కడుంటే అదీ అక్కడే ఉంది. మెడ మెడలాగే ఉంది. రెండో రౌండులో ఆమెకు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది. నిన్నంతా తనను తాను ఎన్ని మాటలనుకుంది! చేతగానిదానివన్నది, సుకుమారివన్నది. ఏ తప్పూ చేయని ఈ రెండు చేతులను అంది. టిప్పర్ కింద పడి ఉంటే, చచ్చేటప్పుడు కూడా తప్పు తనదే అనుకుంటూ చచ్చేది.

షాపు ముందు దిగి, మొహం తుడుచుకుని, ఫోన్ తీసి డబ్బు కట్టేసింది. ఇంటికి పోయి ఆలోచించుకుంటానని అనలేదు. ఇంటికి పోతే అమ్మ ఉంటుంది, అమ్మ మాట ఉంటుంది, ఆ మాటలో మడిగెలుంటాయి. అది ఆమెకు బాగా తెలుసు.

యాప్రాల్ నుంచి షామీర్‌పేట దాకా చిలకపచ్చ సైకిల్ మీదే వచ్చింది. గేటు దగ్గర దిగి వేళ్లు మడిచి చూసుకుంది. పదీ ఉన్నాయి.

శివమ్మ ఆ రంగును, కూతురిని మార్చి మార్చి చూసింది. "కొననే కొంటివా? అయిపాయె." అన్నం పెట్టేటప్పుడు, "పటేలోళ్లకు పైసలు జమగాలేదని జెప్పు. మూర గీర అనకు. నీకు దండం వెడ్త," అంది.

ఆదివారం పొద్దున పటేల్ ఇంటికి చేపలు తీసుకుపోవడం యాదయ్య పని. ఈసారి తండ్రీకూతుళ్లు కలిసి బయలుదేరారు. ఆమె నల్ల సైకిల్ నడిపిస్తోంది. ఆయన ఒక చేత్తో కొర్రమీనుల సంచి, ఇంకో చేత్తో చిలకపచ్చ సైకిల్ పట్టుకున్నాడు. అక్కడి నుంచి అటే మేడ్చల్ దాకా తొక్కుదామని ఆమె దాన్ని తెమ్మంది. పైసలు జమకాలేదని చెప్పబోయే మనిషి కొత్త సైకిల్‌ను వెంటబెట్టుకుని పోతోందన్న సంగతి గేటు దాటి లోపలికి అడుగు పెట్టాక గానీ ఇద్దరికీ తట్టలేదు. తట్టి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికే జయమ్మ చూసేసింది.

జయమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అన్వేష్ తల్లి ఆమె. ఆ ఇంట్లో ఆఖరి మాట ఆమెదే.

"గా పచ్చ సైకిల్ ఎవలదే?"

రోజారాణి నేర్చుకొచ్చిన అబద్ధం నాలుక దాకా వచ్చి అక్కడే కూలబడింది.

"నాదే పటేలమ్మా. నిన్న కొన్న."

అన్వేష్, అశ్రిత ఇద్దరూ బయటికొచ్చారు. అన్వేష్ నల్ల సైకిల్ వైపు, పచ్చ సైకిల్ వైపు చూసి నవ్వాడు. "అరే, దీన్ని వదిలి దాన్ని కొన్నవా? ఏమైంది?"

"నాకు అందలే సార్. చేతులు తిమ్మిర్లెక్కినయి. బ్రేకు అందక టిప్పర్ కిందికి పోబోయిన."

"నీక్కూడనా! అలవాటు కావాలె రోజా, గంతే. అశ్రిత గూడ అచ్చం ఇట్లనే, మెడ అన్నది, చేతులన్నది..."

అశ్రిత చెయ్యి మెడ వెనక్కి పోయింది. రోజారాణి ఆ చేతిని చూసింది. ఆమె భుజం ఎత్తు చూసింది, తన భుజం ఎత్తు చూసుకుంది. రెండూ ఒకటే. మొన్నటి నుంచి ఈ సంగతి కళ్ల ముందే ఉన్నా కనపడలేదు. పటేల్ ఇంటి కోడలి మెడకూ తన మెడకూ ఒకే నొప్పి ఉంటుందని ఎవరనుకుంటారు?

"మేడం, ఒక్కసారి ఇటు రాండ్రి. మోచెయ్యి గీ సీటుకు ఆనియ్యుండ్రి. చెయ్యి సాపుండ్రి."

అశ్రిత వేళ్లు గాల్లో ఆగిపోయాయి. రోజారాణి ఆ ఖాళీలో నాలుగు వేళ్లు పెట్టింది. ఇంకా సందు మిగిలింది.

"సార్, ఇప్పుడు మీరు."

అన్వేష్ నవ్వుతూనే చెయ్యి పెట్టాడు. ఆయన నడిమి వేలు సరిగ్గా హ్యాండిల్‌ను తాకింది. నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

యాదయ్య నేల చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు, "సారు మూరకు సక్కగ సరిపోయింది," అన్నాడు.

"ఆఫర్‌ల అదొక్క సైజే మిగిలిందని షాపోడన్నడు," అన్నాడు అన్వేష్. "కొంచెం పెద్దదైతే ఏమైతది అనుకున్న..."

"కొనేటప్పుడు పిల్లను ఎంబడి తీస్కపోయినవారా?" జయమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"సర్‌ప్రైజ్ ఇద్దామని..."

"నీ సర్‌ప్రైజ్ సల్లగుండ! రెండేండ్ల కింద పిల్ల మెడకు పట్టీ ఏపిచ్చి, ఎముకల ఫోటోలు తీపిచ్చి, దవాఖానాల సుట్టు తిప్పితిమి గదరా. నేను గూడ, ఈ కాలం పిల్లలకు ఒంట్ల సత్తువ లేదని నలుగుర్ల అంటిని."

అశ్రిత మళ్లీ సీటుకు మోచెయ్యి ఆనించి చూసుకుంది.

"అంటే రోజా," అంది మెల్లగా, "నాకేం కాలేదా?"

"మీకేం కాలే మేడం. సైకిల్ పెద్దగైంది, గంతే."

అశ్రిత చున్నీని నడుముకు బిగించి కట్టింది. అడగకుండానే యాదయ్య చేతిలోంచి పచ్చ సైకిల్ అందుకుంది. ఎక్కింది. వాకిట్లో ఒక చుట్టు భయంభయంగా తిరిగింది, రెండో చుట్టు కొంచెం ధైర్యంగా. మూడో చుట్టుకు గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. గోడ మీది నుంచి తల ఒక్కటే కనిపిస్తోంది, నిటారుగా. అటు చివరి దాకా పోయి తిరిగొస్తుంటే పెద్దగా నవ్వడం వినిపించింది. ఆ ఇంట్లో ఆమె అట్లా నవ్వగా రోజారాణి ఎప్పుడూ వినలేదు.

అన్వేష్ నల్ల సైకిల్‌ను మళ్లీ కొక్కేనికి తగిలించడానికి తీసుకుపోయాడు. ఈసారి రెండు చేతులతో ఎత్తాడు.

"యాదయ్యా, సంచి వట్టుకోని గట్లనే నిలవడ్డవేంది?" అంది జయమ్మ. "చేపలు ఈడ వెట్టు. వచ్చే ఐతారం కిలో ఎక్కువ తే, సుట్టాలొస్తున్నరు." మళ్లీ చిక్కుడుకాయల్లో తల దూర్చి, "వద్దంటే వద్దని సెప్పరాదే పిల్లా? గంత భయమేంది నేనంటే?" అంది.

యాదయ్య సంచి దించి, భుజాలు కూడా దించాడు. రోజారాణికి ఆకలి గుర్తొచ్చింది.

అశ్రిత గేటు దగ్గరికొచ్చింది కానీ దిగలేదు. చెమటతో మొహం మెరుస్తోంది. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి, మెడ దగ్గరికి ఒక్కటీ పోలేదు.

"రోజా, ఇంకొక్క రౌండ్?"

"ఒక్కటంటే ఒక్కటే మేడం," అంది రోజారాణి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "జల్దీ రాండ్రి. అది నా సైకిల్. నేను మేడ్చల్ దాకా పోవాలె."